డ్రగ్ ఇన్‌స్పెక్టర్ తనిఖీకి మెడికల్ షాపును ఎలా సిద్ధంగా ఉంచుకోవాలి

తనిఖీ బృందం నర్సంపేటలో దిగిందన్న కబురు ఫోన్లో అందిన పావుగంటకే వరంగల్ చౌరస్తా దాకా కొన్ని షాపుల షట్టర్లు సగానికి దిగిపోవడం ఈ వృత్తిలో ఉన్నవాళ్ళందరం చూసినదే. ఆ పావుగంటలో మూడేళ్ళ బిల్లులను ఎవరూ సర్దలేరు, లేని ఫార్మసిస్టును ఎవరూ తెచ్చి నిలబెట్టలేరు. పైగా విధి నిర్వహణలో ఉన్న ఇన్‌స్పెక్టర్‌ను కావాలని అడ్డుకోవడం, అడిగిన రికార్డు చూపకపోవడం 1940 నాటి ఔషధాలు, సౌందర్య సాధనాల చట్టంలోని 22వ సెక్షన్ కింద మూడేళ్ళ వరకు జైలుశిక్ష పడదగిన నేరాలు. హనుమకొండలో చాలాకాలంగా షాపు నడుపుతున్న ఫార్మసిస్టుగా నాకు తెలిసిన పద్ధతిని, షాపులో రోజూ ఏ వరుసలో పని జరుగుతుందో ఆ వరుసలోనే ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా ఒక విషయం గుర్తుపెట్టుకోండి. మీరు అమ్మిన మందు నాసిరకమని పరీక్షలో తేలినా, అదే చట్టంలోని 19వ సెక్షన్ మూడవ ఉపవిభాగం మీకు ఒక రక్షణ ఇస్తుంది. ఆ మందును లైసెన్సు ఉన్న తయారీదారు, డిస్ట్రిబ్యూటర్ లేదా డీలరు దగ్గరే కొన్నారని, తగినంత జాగ్రత్త తీసుకున్నా అందులోని లోపం మీకు తెలిసే వీలు లేదని, మీ దగ్గర ఉన్నంతకాలం దాన్ని సరిగా నిల్వ చేసి వచ్చిన స్థితిలోనే అమ్మారని మీరు రుజువు చేసుకోవాలి. ఈ రుజువులు ఏవీ నోటిమాటగా చెల్లవు. కింద చెప్పే ప్రతి అడుగూ చివరికి ఈ రుజువులను కూడబెట్టుకోవడానికే.

1. గోడ మీది కాగితాలతో మొదలుపెట్టండి

సాధారణ మందులకు ఫారం 20, ఇన్సులిన్, వ్యాక్సిన్లు, యాంటీబయాటిక్ ఇంజెక్షన్ల వంటి షెడ్యూల్ సి, సి(1) మందులకు ఫారం 21 లైసెన్సులు వినియోగదారుడికి కనిపించేచోట తగిలించి ఉండాలి. షెడ్యూల్ ఎక్స్ (అత్యంత కఠిన నియంత్రణ ఉన్న జాబితా) మందులు అమ్మేవారికి వీటితోపాటు ఫారం 20ఎఫ్ కావాలి. పక్కనే ఫార్మసిస్టు రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ పెట్టి, తెలంగాణ రాష్ట్ర ఫార్మసీ కౌన్సిల్‌లో దాని రెన్యువల్ గడువు ఎప్పుడో చూసుకోండి. లైసెన్సుకు పాత పద్ధతి రెన్యువల్ 2017 సవరణతో పోయింది కనుక ఇక చూసుకోవలసినదేమీ లేదని కొందరు అనుకుంటారు. కాని ఐదేళ్ళకోసారి రిటెన్షన్ ఫీజు, అంటే లైసెన్సును నిలుపుకోవడానికి కట్టే రుసుము, కట్టి ఉంటేనే అది చెల్లుతుంది. ఆ చలానా ప్రతిని లైసెన్సు ఫ్రేము వెనకే అంటించి ఉంచితే వెతుకులాట ఉండదు.

చిల్లర అమ్మకపు షాపుకు కనీస వైశాల్యం పది చదరపు మీటర్లు. లైసెన్సు తీసుకున్న రోజున ఆ కొలత సరిపోయినా, తరువాత షాపు వెనక భాగానికి ప్లైవుడ్ అడ్డం కట్టి వారానికి మూడురోజులు వచ్చే డాక్టరుకు గదిగా ఇవ్వడం మన ఊళ్ళలో మామూలు కనుక, మిగిలిన చోటును ఒకసారి టేపుతో కొలిచి చూసుకోండి. లైసెన్సు ఆ చిరునామాకు మాత్రమే ఇచ్చినది కాబట్టి పక్క షట్టరుకు మారినా, అదనపు స్టాకు మేడమీది ఇంట్లో పెట్టినా, అది లైసెన్సు లేనిచోట మందులు ఉంచడమే అవుతుంది. భాగస్వామి చేరినా తప్పుకున్నా పాత లైసెన్సు గరిష్ఠంగా మూడు నెలలే చెల్లుతుంది. ఆలోగా కొత్తది తీసుకోవాలి.

2. ఫార్మసిస్టు షాపులో ఉండాలి

దీని గురించి మొహమాటం లేకుండా చెప్పవలసి వస్తోంది. సర్టిఫికెట్ గోడమీద ఉండి, ఆ పేరు గల మనిషి మరో ఊళ్ళో ఉద్యోగం చేసుకుంటూ నెలకింత అద్దె పుచ్చుకునే ఏర్పాటు ఒకప్పుడు నడిచిందేమో గాని, దాన్ని ఇప్పటికీ నమ్ముకున్నవారు తమ లైసెన్సును తామే పణంగా పెడుతున్నారు. డాక్టరు చీటీ మీద ఇచ్చే మందు రిజిస్టర్డ్ ఫార్మసిస్టు పర్యవేక్షణలోనే చేతులు మారాలని ఔషధ నియమావళి 65వ నియమం చెబుతుంది. 1948 నాటి ఫార్మసీ చట్టంలోని 42వ సెక్షన్ కూడా అదే చెబుతుంది. కాకతీయ విశ్వవిద్యాలయం ఫార్మసీ కళాశాల ఉన్న ఊళ్ళో అర్హులు దొరకరని చెబితే ఎవరూ నమ్మరు.

ఫార్మసిస్టు తెల్ల కోటు, పేరున్న బ్యాడ్జి వేసుకుని ఉండాలి. ఆయన భోజనానికి వెళ్ళినప్పుడు చీటీ మందులు ఆపి, తిరిగి వచ్చే సమయం రాసిన చిన్న బోర్డు కౌంటరు మీద పెట్టండి. ఒకరు మానేసి మరొకరు చేరితే ఆ మార్పును వెంటనే లైసెన్సు అధికారికి, అంటే ఔషధ నియంత్రణ విభాగంలో మీ ప్రాంతపు అసిస్టెంట్ డైరెక్టర్ కార్యాలయానికి, రాతపూర్వకంగా తెలిపి, అందినట్టు రసీదు తీసుకోండి.

3. ప్రతి పెట్టెకూ దాని కొనుగోలు బిల్లు దొరకాలి

ఇన్‌స్పెక్టర్ సాధారణంగా అర నుంచి ఏదో ఒక పెట్టె తీసి, దీని బిల్లు చూపించండి అంటారు. అది ఐదు నిమిషాల్లో దొరికితే మిగతా తనిఖీ ధోరణే మారిపోతుంది. దొరక్కపోతే ఆయన రెండో పెట్టె తీస్తారు, ఆ తరువాత మూడోది. ఎవరి దగ్గర కొన్నారో పేరు, చిరునామాతో వెల్లడించడం 18ఎ సెక్షన్ ప్రకారం మీ బాధ్యత. కొనుగోలు, అమ్మకం బిల్లులను మూడేళ్ళు భద్రపరచాలి.

దీనికి మా షాపులో పాటించే అలవాటు చాలా సులభమైనది. వారానికి ఒకరోజు, మధ్యాహ్నం గిరాకీ పలచబడ్డాక, మా అబ్బాయి కళ్ళు మూసుకున్నట్టుగా పది పెట్టెలు ఏరి తెస్తాడు. నేను బిల్లులు తీస్తాను. బిల్లుమీద బ్యాచ్ నంబరు, గడువు తేదీ, పెట్టెమీద ఉన్నవి అక్షరం అక్షరం సరిచూస్తాం. సున్నాకు బదులు ఇంగ్లిష్ ఓ అక్షరం పడటం, చివరి అంకె ఎగిరిపోవడం, ఒకే మందు రెండు బ్యాచ్‌లు వస్తే బిల్లులో ఒకటే రాసి ఉండటం, ఇలాంటివే ఎక్కువగా బయటపడతాయి. అప్పుడే ఏజెన్సీకి ఫోన్ చేసి బిల్లు సరిచేయించుకుంటే సరిపోతుంది. ఏడాది తరువాత ఇన్‌స్పెక్టర్ ముందు అదే తేడా బయటపడితే, బిల్లు లేని సరుకుగానే కనిపిస్తుంది.

సరుకు దిగేటప్పుడు బిల్లు మీద సరఫరాదారు టోకు లైసెన్సు నంబర్లు, 20బి, 21బి, ఉన్నాయో లేదో చూడండి. ఎవరో కొత్తవాడు సంచిలో తెచ్చి, పేరున్న కంపెనీ మందును ఏజెన్సీ ధరకంటే బాగా తక్కువకు ఇస్తానంటే, ఆ తగ్గింపు ఎందుకు వచ్చిందో ఆలోచించండి. ఇక పక్క షాపు నుంచి చేబదులు తెచ్చుకునే అలవాటు ఉంది చూశారూ, స్నేహం మంచిదే కాని ఆ రెండు స్ట్రిప్పులకూ బిల్లు రాయించుకోండి.

కంప్యూటర్ బిల్లింగ్ వచ్చాక కొత్త పొరపాటు ఒకటి మొదలయింది. సాఫ్ట్‌వేర్ ముందు గడువు తీరే బ్యాచ్‌ను తనంతట తానే ఎంచుకుంటుంది. కౌంటరు దగ్గరున్న అబ్బాయి చేతికి అందిన వేరే బ్యాచ్ ఇచ్చేస్తాడు. ఆరు నెలలు గడిచేసరికి తెరమీద ఉన్న స్టాకుకూ అరలో ఉన్న స్టాకుకూ పొంతన ఉండదు. స్ట్రిప్పు చేతిలో పట్టుకుని బ్యాచ్ ఎంచుకోవడం నేర్పడం తప్ప దీనికి మరో మందు లేదు.

4. నిల్వ: వేసవిని లెక్కలో పెట్టుకోండి

ఏప్రిల్, మే నెలల్లో ఓరుగల్లు ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. పెట్టెమీద 25 డిగ్రీలకు లోబడి లేదా 30 డిగ్రీలకు లోబడి ఉంచాలని రాసి ఉంటే, పడమటి ముఖం షాపులో రేకు షట్టరు పక్క అరలో అది సాధ్యం కాదు. గోడకు ఒక థర్మామీటరు తగిలించి మధ్యాహ్నం మూడింటికి చూడండి. ఏసీ పెట్టాలా, అరలు మార్చాలా అన్నది ఆ అంకె చెబుతుంది.

ఫ్రిజ్ విషయంలో నా అనుభవం ఒకటి చెబుతాను. కొన్నేళ్ళ కిందట ఒక మే నెలలో తనిఖీకి వచ్చిన అధికారి ఫ్రిజ్ తలుపు తీసేసరికి, ఇన్సులిన్ పెట్టెల పక్కన మా అబ్బాయి పెరుగన్నం టిఫిన్, పైన మంచినీళ్ళ సీసాలు నాలుగు కనిపించాయి. లోపల థర్మామీటరు ఉంది, ఆ సమయానికి 6 డిగ్రీలే చూపిస్తోంది కూడా. కాని ఆయన, నిన్న సాయంత్రం రెండు గంటలు కరెంటు పోయిందట కదా, అప్పుడు ఎంత ఉంది అని అడిగారు. చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. తనిఖీ పుస్తకంలో ఆ లోపం రాసి వెళ్ళారు. ఆయన రాసినది న్యాయమే.

అప్పటి నుంచి ఫ్రిజ్ పక్కన దారం కట్టిన పెన్నుతో ఒక నోటుపుస్తకం వేలాడుతుంది. ఉదయం తెరిచినప్పుడు, రాత్రి మూసేముందు, కరెంటు పోయి వచ్చినప్పుడు ఉష్ణోగ్రత, సమయం, పొడి సంతకం అందులో పడాలి. ఇన్సులిన్, వ్యాక్సిన్లు, టీటీ ఇంజెక్షన్లు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. తలుపు అరల్లో వేడి ఎక్కువ, మంచుపెట్టె గోడకు ఆనిస్తే గడ్డకట్టే ప్రమాదం, కాబట్టి మధ్య అరల్లోనే పెట్టండి. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగాక చూడటానికి బాగానే ఉన్నా అమ్మకూడదు. తిండి, నీళ్ళు ఆ ఫ్రిజ్‌లోకి ఎట్టి పరిస్థితిలోనూ వెళ్ళకూడదు.

గడువు తీరిన మందులు అమ్మకపు అరల్లో ఒక్కటి కూడా కనిపించకూడదు. ఏజెన్సీకి తిరిగి పంపేదాకా వాటిని వేరే పెట్టెలో వేసి, పైన ‘అమ్మకానికి కాదు’ అని పెద్ద అక్షరాలతో రాసి, లోపలివాటి జాబితా ఒకటి పెట్టండి. వచ్చే మూడు నెలల్లో గడువు తీరబోయేవాటిని నెల మొదట్లోనే తీసి విడిగా ఉంచితే తిరుగు సరుకు తీసుకోవడానికి ఏజెన్సీ కూడా పేచీ పెట్టదు.

సొరుగులు కూడా వెతకండి. మెడికల్ రెప్రజెంటేటివ్ డాక్టరు కోసం తెచ్చి మీ దగ్గర వదిలి వెళ్ళిన శాంపిళ్ళు, ప్రభుత్వ సరఫరా ముద్ర ఉన్న స్ట్రిప్పులు, ఈఎస్ఐ మందులు షాపులో ఉండటమే నియమోల్లంఘన. అమ్మలేదన్న జవాబు పనికిరాదు. వరంగల్‌లోని ఎంజీఎం ప్రభుత్వ ఆసుపత్రి చుట్టుపక్కల షాపులవారికి ఈ మాట ప్రత్యేకించి చెప్పాలి: ఆసుపత్రిలో ఇచ్చిన మందు మిగిలిందని, దానికి బదులు వేరేది ఇమ్మని వచ్చే రోగి బంధువును చూస్తే జాలి కలుగుతుంది, అయినా ఆ స్ట్రిప్పు పుచ్చుకోకండి.

విడిగా నాలుగు మాత్రలు అమ్మేటప్పుడు స్ట్రిప్పును ఏ వైపు నుంచి కత్తిరిస్తున్నారో గమనించండి. బ్యాచ్ నంబరు, గడువు తేదీ ముద్రించిన కొస మీ దగ్గర చివరిదాకా మిగలాలి. ఆ కొస ముందే వెళ్ళిపోతే మిగిలిన ఆరు మాత్రలకూ పుట్టుపూర్వోత్తరాలు లేనట్టే.

5. చీటీ లేకుండా ఇవ్వకూడని మందులు

షెడ్యూల్ హెచ్, హెచ్1, ఎక్స్ మందులన్నీ రిజిస్టర్డ్ డాక్టరు చీటీ మీదనే ఇవ్వాలి. చీటీ మీద తేదీ, డాక్టరు సంతకం, రోగి పేరు, చిరునామా, మోతాదు, మొత్తం పరిమాణం ఉండాలి. ఇచ్చాక మీ షాపు ముద్ర, తేదీ దానిమీద వేయాలి. డాక్టరు రాసిన బ్రాండు లేదని మీ అంతట మీరు మరో బ్రాండు ఇవ్వడానికి వీలు లేదు.

2014 మార్చి 1 నుంచి అమలులో ఉన్న హెచ్1 జాబితాలో మొదట 46 మందులు చేర్చారు. సెఫిక్సిమ్ వంటి మూడవ తరం సెఫలోస్పోరిన్లు, మెరోపెనెం, క్షయ మందులు, ఆల్ప్రాజోలం, డయాజిపామ్, జోల్పిడెమ్, ట్రమడాల్ వంటివి అందులో ఉన్నాయి. వీటికి విడి రిజిస్టరు ఉండాలి. డాక్టరు పేరు, చిరునామా, రోగి పేరు, మందు పేరు, ఇచ్చిన పరిమాణం అమ్మిన క్షణంలోనే అందులో నమోదు కావాలి, మూడేళ్ళు దాచాలి. రాత్రి షాపు మూశాక బిల్లులు చూసి రాద్దామనుకునేవారి రిజిస్టర్లను గుర్తించడం కష్టం కాదు: నెల రోజులపాటు ఒకే పెన్ను, ఒకే వాలు, ఒకే డాక్టరు.

ఉత్తర తెలంగాణలో ఆల్ప్రాజోలం, డయాజిపామ్ లెక్కలను ఇంత పట్టుగా ఎందుకు అడుగుతారో మన ప్రాంతం వారికి విడమరచి చెప్పనక్కరలేదు. కల్లులో కలపడానికి ఇవే వాడతారు. కల్తీ కల్లుకు అలవాటుపడినవారు అది దొరకని రోజుల్లో ఏ స్థితిలో ఆసుపత్రికి వస్తారో ఎంజీఎంలో పనిచేసిన ఎవరిని అడిగినా చెబుతారు. ఆల్ప్రాజోలం, ట్రమడాల్ మాదకద్రవ్యాల చట్టం పరిధిలోకి కూడా వస్తాయి కనుక, కొన్నవి ఎన్ని, అమ్మినవి ఎన్ని, మిగిలినవి ఎన్ని అన్న లెక్క ఒక్క మాత్ర తేడా లేకుండా నెలనెలా రాసుకోండి. షెడ్యూల్ ఎక్స్ మందులు తాళం వేసిన అలమరలో ఉండాలి. వాటికి చీటీ రెండు ప్రతులుగా రావాలి, ఒకటి మీ దగ్గర రెండేళ్ళు ఉండాలి. క్షయ మందులు ఇచ్చినప్పుడు రోగి వివరాలు క్షయ రోగుల ప్రభుత్వ పోర్టల్ నిక్షయ్‌లో తెలియజేయడం 2018 నుంచి మందుల షాపుల బాధ్యత కూడా. గర్భస్రావం మాత్రలు చీటీ లేకుండా ఇస్తే కేసుతో పాటు ఒక ప్రాణం కూడా మీ మెడకు చుట్టుకోవచ్చు.

ఇక ఆర్ఎంపీల సంగతి. ఊళ్ళో ఆర్ఎంపీగా పిలిపించుకునే వైద్యుడు రాసిన చీటీ, చట్టం చెప్పే రిజిస్టర్డ్ వైద్యుడి చీటీ ఒకటి కావు, పేరు ఒకేలా వినబడినా సరే. పరకాల, ములుగు వైపు షాపుల వ్యాపారంలో పెద్ద భాగం ఆయన మీదే ఆధారపడి ఉంటుందన్నది నిజం. జ్వరం వచ్చిన అర్ధరాత్రి ఊరివాళ్ళకు దిక్కు ఆయనేనన్నదీ నిజం. అయినా చిల్లర లైసెన్సు మీద ఆయనకు డబ్బాల కొద్దీ యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు ఇవ్వడం చట్టం దృష్టిలో చిల్లర అమ్మకం కాదు, అక్కడ నిల్వ చేయడానికి ఆయనకు లైసెన్సూ లేదు. ఆయన గదిలో తనిఖీ జరిగినప్పుడు దొరికిన బ్యాచ్ నంబర్లు తిన్నగా మీ షాపుకే దారి చూపిస్తాయి. కాబట్టి మొహమాటం ఉన్నా ఈ రోజే చెప్పేయండి.

6. ధర, హెచ్చరికలు

ఎంఆర్‌పీకి మించి తీసుకోకూడదు. విడి మాత్రలకు స్ట్రిప్పు ధరలో దామాషా ప్రకారమే తీసుకోవాలి. 2013 ధరల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం ధరల పట్టిక అడిగినవారికి అందుబాటులో ఉండాలి. పశువుల మందులు అమ్మేవారు వాటిని విడి అరలో పెట్టి అరమీద ఆ మాట రాయండి.

నాసిరకం బ్యాచ్‌ల హెచ్చరికలను పట్టించుకోని షాపులు ఇంకా ఉన్నాయి. మధ్యప్రదేశ్‌లో పసిపిల్లలు చనిపోయాక 2025 అక్టోబరులో కోల్డ్‌రిఫ్ దగ్గు సిరప్ ఎస్ఆర్-13 బ్యాచ్‌ను వాడవద్దని తెలంగాణ ఔషధ నియంత్రణ విభాగం హెచ్చరించింది. అందులో డైఇథిలిన్ గ్లైకాల్ అనే విషపదార్థం ఉన్నట్టు పరీక్షలో తేలింది. అలాంటి హెచ్చరిక వచ్చిన రోజున ఆ బ్యాచ్ మీ దగ్గర లేకపోయినా, అరలు వెతికి, ‘ఫలానా తేదీన చూశాం, స్టాకు లేదు’ అని ఒక పుస్తకంలో రాసి సంతకం చేయండి. ఉంటే వెంటనే పక్కకు తీసి ఏజెన్సీకీ ఇన్‌స్పెక్టర్‌కూ రాతపూర్వకంగా చెప్పండి. మందు వికటించినట్టు ఎవరైనా చెబితే నమోదు చేయించే జాతీయ ఉచిత నంబరు 1800-180-3024 కౌంటరు దగ్గర అంటించి ఉంచండి.

7. తనిఖీ జరిగే రోజు

వచ్చినవారి గుర్తింపు కార్డు మర్యాదగా అడిగి చూడటం తప్పు కాదు; అధికారుల పేరు చెప్పి డబ్బు గుంజినవాళ్ళ కథలు మన జిల్లాలోనూ వినబడుతుంటాయి. ఆ తరువాత ఫార్మసిస్టే ఎదురుగా నిలబడి జవాబులు చెప్పాలి. తెలియనిది తెలియదనండి. లేని బిల్లును ఏజెన్సీ నుంచి అప్పటికప్పుడు పాత తేదీతో రప్పించే ప్రయత్నం మాత్రం చేయకండి. చిన్న లోపం అక్కడే పెద్ద నేరమవుతుంది.

ఫారం 35 తనిఖీ పుస్తకం చేతికివ్వండి. పరిశీలనలు ఆయన అందులో రాస్తారు. రాసినది పూర్తిగా చదివి, అర్థంకానిది అడిగి, ఆ తరువాతే సంతకం చేయండి. ఏదైనా మందు అమ్మవద్దని ఫారం 15 ఇస్తే, అందులో రాసిన గడువుదాకా, ఇరవై రోజులకు మించకుండా, ఆ స్టాకును కదిలించకూడదు. సరుకు జప్తు చేస్తే ఫారం 16 రసీదు అడిగి తీసుకోండి.

పరీక్షకు శాంపిల్ తీసేటప్పుడు ఫారం 17లో మీకు తెలియజేసి, తగిన ధర ఇవ్వజూపి, మీ ఎదుటే నాలుగు భాగాలు చేసి సీలు వేస్తారు. అందులో ఒక భాగం మీది. చాలామంది దాన్ని గల్లాపెట్టె కింద పడేసి మరిచిపోతారు. దాన్ని సీలు చెదరకుండా, ఆ మందుకు చెప్పిన ఉష్ణోగ్రతలోనే, పైన తేదీ రాసి విడిగా దాచండి.

8. ఆ తరువాత

తనిఖీ పుస్తకంలో రాసిన లోపాలను సరిచేసిన వెంటనే, ఏది ఏ తేదీన సరిచేశారో ఉత్తరం రాసి, ఫొటోలు, బిల్లు నకళ్ళు జతచేసి కార్యాలయంలో ఇచ్చి ముద్ర వేయించుకోండి. షోకాజ్ నోటీసు వస్తే అందులోని అంశాల వరుసలోనే జవాబు రాయండి. జరిగిన తప్పును ఒప్పుకుని సరిచేసిన తీరు చూపడం, వంద సాకులకంటే బాగా పనిచేయడం నేను చూశాను. లైసెన్సు సస్పెండ్ చేసినా, రద్దు చేసినా, ఆ ఉత్తర్వు తేదీ నుంచి మూడు నెలల్లోగా రాష్ట్ర ప్రభుత్వానికి అప్పీలు చేసుకోవచ్చు.

శాంపిల్ నాసిరకమని ప్రభుత్వ విశ్లేషకుడి నివేదిక వస్తే, అది అందిన తేదీని కవరు మీదే రాయండి. దాన్ని సవాలు చేస్తూ సాక్ష్యం చూపదలచుకుంటే ఆ తేదీ నుంచి 28 రోజుల్లోగా ఇన్‌స్పెక్టర్‌కు, కేసు నడుస్తుంటే కోర్టుకు, రాతపూర్వకంగా తెలపాలి. లేకపోతే ఆ నివేదికనే తుది సాక్ష్యంగా తీసుకుంటారు. సరఫరా చేసిన ఏజెన్సీకి అదే రోజు నివేదిక నకలు, మీ కొనుగోలు బిల్లు నకలు పంపించండి. ఆ బ్యాచ్ మీ షాపుకు వచ్చిన రోజు నుంచి శాంపిల్ తీసిన రోజు దాకా ఉన్న ఉష్ణోగ్రత పుటలను కూడా విడదీయకుండా పుస్తకంతోపాటే వకీలుకు అందించండి.